మొగిలవ్వ తరాజు

అఖిల విసనకర్రతో నిప్పులు విసురుతోంది. స్కూలు నుంచి వచ్చి ఇంకా యూనిఫాం కూడా మార్చుకోలేదు. "బొగ్గులు తెస్త, బండి చూసుకో బిడ్డా," అని అమ్మ స్వరూప ఇప్పుడే వెళ్లింది.

కోరుట్ల బస్టాండు దగ్గరి ఆ రోడ్డు మీద పదిమంది వరసగా కూర్చుని అమ్ముకుంటారు. ఎవరి దగ్గరా లైసెన్సు లేదు. అప్పుడప్పుడు మున్సిపల్ ట్రాక్టర్ వచ్చి సామాన్లు ఎత్తుకుపోతుంది. అఖిల వాళ్లు మక్కజొన్న కంకులు కాల్చి అమ్మే బండి రోడ్డు మూల మీద ఉంటుంది. ట్రాక్టర్ ముందుగా కనబడేది వాళ్లకే. కనబడగానే "ట్రాక్టర్ అచ్చె!" అని కేక వేయాలి. పక్కవాళ్లు తమ పక్కవాళ్లకు చెప్పాలి. ఆ తర్వాతే ఎవరి సామాను వాళ్లు ఎత్తుకోవాలి. అది ఆ వరస పెట్టుకున్న కట్టుబాటు.

పక్కనే జామపండ్ల గంప ముందు మొగిలవ్వ కూర్చుంది. తెగిన గొలుసు చోట నైలాన్ తాడు కట్టిన తరాజుతో పండ్లు తూచి అమ్ముతుంది.

"గట్ల విసురుతున్నవేందే? కోపం నా మీదనా, కంకి మీదనా?" అంది.

అఖిల నవ్వలేదు. రోడ్డు అవతల తన క్లాసు రాణి వస్తోంది. 'మా అమ్మ షాపుల పని చేస్తది' అని రాణికి చెప్పి ఉంది.

సరిగ్గా అప్పుడే ట్రాక్టర్ మలుపు తిరిగింది.

అరిస్తే రాణి ఇటు చూస్తుంది. అఖిల అరవలేదు. బండిని గబగబా పక్క సందులోకి తోసి, దాని వెనక కూర్చుంది. 'నేను ట్రాక్టర్‌ని చూడలేదు' అనుకుంది. చూసినదాన్ని చూడలేదనుకోవడం చాలా కష్టంగా ఉంది. కళ్లు మూసుకున్నా ఇంజన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

బయటికి వచ్చేసరికి మొగిలవ్వ గంప లేదు. తరాజు లేదు. నేల మీద నలిగిన జామపండ్లు ఉన్నాయి.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. "నువ్వు చూడలేదా బిడ్డా?"

"లేదు."

"పోరిని ఏమనకు స్వరూపా," అంది మొగిలవ్వ. "మీ బండన్నా దక్కింది. మంచిగైంది."

తిట్టినా బాగుండేది అనిపించింది అఖిలకు.

మర్నాడు స్కూలు వదిలాక వచ్చి చూస్తే, మొగిలవ్వ గోనెసంచి మీద పండ్లు కుప్పలు పోసుకుని కూర్చుంది.

"కిలో ఎంత అవ్వా?" అన్నాడు ఒకాయన.

"తరాజు లేదు బిడ్డా. కుప్ప లెక్కన తీస్కో."

"కుప్పల కిలో ఉంటదని ఎట్ల నమ్మాలె?" అంటూ ఆయన వెళ్లిపోయాడు.

మొగిలవ్వ ఆ కుప్ప మీద ఇంకో పండు పెట్టింది. కాసేపు ఆలోచించి తీసేసింది.

అఖిల వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. "అవ్వా, నిన్న నేను చూసిన."

"ఏంది?"

"ట్రాక్టర్. చూసి చెప్పలే. మా క్లాసు పిల్ల ఉండె. సిగ్గయింది."

మొగిలవ్వ పండ్ల మీది ఈగలు తోలుతూ ఉంది.

"సిగ్గెందుకే? మనం అమ్మేది దొంగసొమ్మా?" అంది చివరికి. ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"తరాజు ఇయ్యరా అవ్వా?"

"పొద్దున మున్సిపల్ ఆఫీసుకు పోయిన. అక్కడ శానా తరాజులు పడి ఉన్నయి. ఇది నీదని ఎవలన్న చెప్పాలె అన్నరు. ఎవలొస్తరు? ఆఫీసోళ్లు మొఖం గుర్తువెట్టుకుంటరని అందరికి బుగులు, భయం."

అఖిల లేచింది.

"అమ్మా, అవ్వతోని ఆఫీసుకు పోతున్న. నిన్న నీకు అబద్ధం చెప్పిన. అచ్చినంక అంత చెప్త."

స్వరూప కంకి తిప్పడం ఆపి కూతురి వైపు చూసింది. "పో," అంది.

ఆఫీసులో పెద్ద లైను ఉంది. అందులో తన స్కూలు పిల్లలు ఇద్దరు తమ నాన్నలతో నిలబడి ఉన్నారు. వాళ్లు అఖిలను చూశారు.

బల్ల వెనక కూర్చున్న ఆయన మొగిలవ్వను గుర్తుపట్టాడు. తర్వాత యూనిఫాం వైపు చూశాడు. "నువ్వెవరు పాపా?"

అఖిల లైను చివరిదాకా వినబడేంత గట్టిగా చెప్పింది.

"మూల మీద మక్క కంకులు అమ్మేది మేమే సార్. గీ అవ్వ మా పక్కన కూసుంటది. గా నైలాన్ తాడు కట్టిన తరాజు ఆమెదే."