దవాఖాన మరాఠీ

"ఏం పని?" అంది సుగుణ, తలుపు సగమే తెరిచి.

ఎల్లస్వామి చేతిలో పలక ఉంది. ఇరవై మూడేళ్ళ మగవాడు పలక పట్టుకుని ఆడపిల్ల ఇంటి ముందు నిలబడితే కొత్తవాడ మొత్తం చూస్తుందని అప్పుడు గాని తట్టలేదు.

"నర్సయ్య మామ ఉన్నడా?"

"మామనా? వచ్చుడు వచ్చుడే వరుస కలుపుతానవా?"

"గట్ల కాదు... మీరు షోలాపూర్ల ఉండి వచ్చిండ్రట గద. జర మరాఠీ నేర్పుతరేమోనని."

అప్పటిదాకా ఆమె కళ్ళలో ఉన్న వెక్కిరింత పోయింది. "ఆ ఊరి మాట మా ఇంట్ల ఎత్తకు," అని తలుపు వేసేసింది. అదే సమయానికి వాన అందుకుంది. ఎల్లస్వామి పలకను నెత్తిన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

అది పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం. జంపఖానాలు కొనేవాళ్ళు తగ్గారు. కొత్తవాడలో సగం మగ్గాలకు బూజు పట్టింది. ఎల్లస్వామి తండ్రి పోయి రెండేళ్ళు. ఇంట్లో తల్లి పోశవ్వ, పెళ్ళి కావలసిన చెల్లెళ్ళిద్దరు. ఇక్కడి మిల్లులో జాగా లేదన్నారు. ఇక ఊరు విడవడమే.

తెలుగు ఇంట్లో వచ్చింది. ఉర్దూ నిజాం కాలపు బడిలో వచ్చింది. ఇప్పుడు మూడోది కావాలి. మద్రాసు పోతే అరవం, సూరత్ పోతే గుజరాతీ, షోలాపూర్ పోతే మరాఠీ. ఏది అల్కగా, సులువుగా వస్తుందని చాయ్ హోటల్లో అడిగాడు. "మరాఠీయే. సగం ఉర్దూ, సగం మన మాటలే. నెల దినాలల్ల నోటికస్తది," అన్నారు. బతుకు ఏ ఊళ్ళో బాగుంటుందని ఎవరినీ అడగలేదు. అల్కగా ఉండేది దొరికింది, అంతే చాలనుకున్నాడు.

మరునాడు మళ్ళీ పోయాడు. ఈసారి లోపలినుంచి దగ్గు వినిపించింది. దాని వెనక నర్సయ్య గొంతు.

"రానియ్యి బిడ్డా. మనోడే."

నర్సయ్య షోలాపూర్‌లో కరెంటు మగ్గాల మీద ఆరేళ్ళు చేశాడు. అక్కడ భార్యను పోగొట్టుకున్నాడు. ఛాతీ నిండా పత్తి దుమ్ముతో, కూతురితో తిరిగొచ్చాడు. ఇప్పుడు మంచం దిగడు.

సుగుణ గడప దగ్గర కూర్చుని నూలు కండెలు చుడుతూ మాట చెప్పేది. ఎల్లస్వామి తెలుగు అక్షరాల్లో పలక మీద రాసుకునేవాడు.

"ఇథే దుఖతం. అంటే, ఈడ నొస్తాంది."

"ఇతే దుకతం."

"నీ నోట్ల వడ్డ మాట పడుగు తెగినట్టే ఉన్నది."

"అతికియ్యి మల్ల. సాలోల్ల పిల్లవే గద."

ఆమె నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాడు. ఆ రోజు ఇంకేమీ నేర్చుకోలేకపోయాడు.

ఒక సాయంత్రం పలక ఖాళీగా తెచ్చాడు.

"నిన్న చెప్పినయేవి?"

"వాన తుడిచింది."

"నిన్న వాన యాడ వడ్డది? నీ అరచెయ్యి సూపెట్టు."

అరచేయి నిండా బలపం తెలుపు. సుగుణ తల వంచుకుని నిన్నటి మాటలే మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పాణీ, నీళ్ళు. కధీపాసూన్, ఎప్పటిసంది. రాత్రీ ఝోప్ యేత్ నాహీ, రాత్రి నిద్ర పడతలేదు.

"పోవుడు ఖాయమేనా?" అంది చివర్లో.

"అవ్వకు, చెల్లెండ్లకు ఏం పెట్టాలె మరి?"

ఆమె గబగబా చుట్టబోయింది. కండె మీద దారం చిక్కుపడింది.

దసరా వెళ్ళాక షోలాపూర్ మేస్త్రీ వెంకట్రాజం మిల్లు పనికి మనుషుల కోసం వచ్చాడు. పదిమంది మగవాళ్ళ మధ్య ఎల్లస్వామి ఛాతీ విరిచి నిలబడ్డాడు.

"మేస్త్రీ, నాకు మరాఠీ వచ్చు." వచ్చిందంతా గడగడా అప్పజెప్పాడు.

వెంకట్రాజం కాసేపు నోరు తెరిచి చూసి పడీపడీ నవ్వాడు. "మిల్లుకస్తానవా, సావుకస్తానవార? అన్నీ రోగం మాటలే! అయినా నీకు మరాఠీ ఎందుకు? ఆడ మనోల్ల వాడ మొత్తం తెలుగే."

అందరూ నవ్వారు. ఎల్లస్వామి ఆ నవ్వులోంచే సుగుణ ఇంటికి నడిచాడు.

"ఆడ అందరు తెలుగేనట."

చుట్టే చెయ్యి ఆగింది. "అవు."

"తెలిసే నేర్పినవా?"

"తెలిసే."

"రెండు నెల్లు నన్ను పిచ్చోన్ని చేసినవ్. వాడకట్టంత నవ్వింది."

"నవ్వనియ్యి." ఆమె కండె పక్కన పెట్టింది. "వాడల తెలుగే. మిల్లుల మాటతోనే పని లేదు, ఆ మోతల ఏం ఇనవడ్తది? దవాఖానల మాత్రం తెలుగు ఎవలకు రాదు. మా అవ్వ నాలుగొద్దులు 'ఊపిరాడుతలేదు' అని మొత్తుకున్నది. వాళ్ళు కడుపునొప్పి మందు పోసిండ్రు. నాకు చెప్పరాకపాయె. అయిదో నాడు అవ్వ లేదు. బాపు మంచాన పడెటాల్లకు నేర్సుకున్న. అందుకే బాపు ఉన్నడు."

ఎల్లస్వామి గడప మీద కూలబడ్డాడు. "అక్కర లేదని మొదటినాడే చెప్పచ్చు గద," అన్నాడు. కోపం లేదు ఇప్పుడు.

"చెప్తె తెల్లారి నువ్వస్తువా?"

ఆ మాట అనేసి మొహం గోడవైపు తిప్పుకుంది. చెవి తమ్మె ఎర్రబడడం ఎల్లస్వామికి కనిపిస్తూనే ఉంది.

"నాకు పోక తప్పదు సుగుణా. నువ్వు సుత రా. లగ్గం చేసుకోని పోదాం."

"ఆ ఊరు మల్ల సూడనని ఒట్టు పెట్టుకున్న. బాపునిడిచి యాడికస్త?"

లోపల మంచం కిర్రుమంది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఆగింది.

"నన్నెందుకు ఇడుస్తరు బిడ్డా? మీ అవ్వ ఆడనే ఉన్నది. నన్ను సుత ఆడికే తోల్కపోండ్రి." నర్సయ్య ఊపిరి కూడదీసుకున్నాడు. "ఈ పోరడు మాటలైతే నేర్సిండు. రేపు ఊపిరాడకుంటె వాని నోట్ల మాటెల్లుతదా? వాని దిక్కెల్లి చెప్పెటోల్లెవలు?"

సుగుణ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాదని మాత్రం అనలేదు.

మరునాడు పోశవ్వ ఆకువక్క పట్టుకొచ్చింది. "నా కొడుకును రోగం మాటలు చెప్పి పట్టినవేందే," అంటూనే కోడలి నుదుట బొట్టు పెట్టింది. పెళ్ళినాడు నర్సయ్య మంచంలోంచే అక్షింతలు వేశాడు. సగం గింజలు మంచం మీదే రాలాయి.

ముగ్గురూ రైలెక్కే ముందురోజు ఎల్లస్వామి అడిగాడు.

"నొప్పులయినయ్, మందులయినయ్. ఇగ సంబురం మాటలు చెప్పు."

సుగుణ మూట కట్టడం ఆపింది. లోపల తండ్రి దగ్గుతున్నాడు.

"అవి నాకు సుత రావు," అంది. "ఆడికి పోయినంక ఇద్దరం నేర్సుకుందాం."