పేరు పెట్టని పిలుపు

"వచ్చెయ్ నాథా, నీ కోసమే ఈ తీరాన నిలుచున్నాను," అని ఆ అమ్మాయి కళ్లు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని పిలిచింది. గొంతు తేనెలా ఉంది. ఎదురుగా ఉన్న గాజుగొట్టంలో పచ్చవెలుగు మాత్రం అడుగున కాస్త మిణుకుమని ఆరిపోయింది.

"థాంక్సండీ. కబురు చేస్తాం," అంది మైథిలి. పొద్దున్నుంచీ ఆ మాట అనీ అనీ ఆమె నోరు అరిగిపోయింది.

అది కాకినాడ. మనమెరిగిన కాకినాడ కాదు, ఇంకొన్నేళ్లకు రాబోయే కాకినాడ. ఒడ్డున నిలబడితే అలల కంటే ముందు గాలిమరలు కనిపిస్తాయి. నీళ్లలోంచి లేచిన తెల్లటి టవర్లు చూపు ఆనినంత మేరా తిరుగుతూనే ఉంటాయి. ఊరికి కరెంటూ వాటిదే, జీవనమూ వాటిదే. ఒకప్పుడు వలలు లాగిన చేతులే ఇప్పుడు ఆ టవర్లెక్కి బోల్టులు బిగిస్తున్నాయి.

ఆ ఊళ్లో నలుగురు కుర్రాళ్లు ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నారు. అమ్ముకోవడానికి కాదు, ఊరికే పంచిపెట్టడానికి. ఆడేవాడు పొగమంచులో దారి తప్పిన పడవవాడు. కంటికేమీ ఆనదు. ఒడ్డున ఒకావిడ నిలబడి పిలుస్తూ ఉంటుంది. ఆ పిలుపు పట్టుకుని ఇల్లు చేరాలి. అంతే ఆట. కంప్యూటర్ గొంతు పెట్టుకుంటే పోయేది కదా అంటారా? అప్పటికి కంప్యూటర్ గొంతులు ఎంత చక్కగా పలుకుతున్నాయంటే జనానికి వాటి మీద విసుగు పుట్టింది. మనిషి గొంతే కావాలి. ఆట ఉచితం కాబట్టి గొంతూ ఉచితంగానే రావాలి. వాలంటీర్లు కావలెను అని ప్రకటన ఇచ్చేసరికి సగం ఊరు కదిలొచ్చింది. మనవాళ్లకు నటన మీద ఉన్న మోజు తెలిసిందేగా.

ఇంతమందిలో ఎవర్ని ఎంచుకోవాలో తెలియక కుర్రాళ్లు తల పట్టుకుంటే, మైథిలి తన మీటర్ పట్టుకొచ్చింది. ఆమె చెవుల సైంటిస్టు. వినికిడి మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది.

మీటర్ చేసే పని చిన్నదే. మనం మాట్లాడేటప్పుడు మన గొంతే మన చెవిని హోరెత్తించకుండా, చెవి లోపల ఒక బుల్లి కండరం బిగుసుకుంటుంది. పక్కగదిలో ఉన్న మనిషిని "ఏమండీ" అని పిలిచామనుకోండి, పిలుపు పూర్తయీ కాకముందే ఆ కండరం వదులవుతుంది. ఊపిరి కూడా ఓ క్షణం ఆగుతుంది. ఎందుకంటే జవాబు వస్తుందని ఒళ్లు నమ్ముతుంది, వినడానికి సిద్ధపడుతుంది. అవతల ఎవరూ లేరని తెలిసి పిలిస్తే ఇదేదీ జరగదు. గొంతు ఠక్కున మూసుకుంటుంది. చెవిలో ఒక తీగ, మెడ దగ్గర ఒకటి పెట్టి మైథిలి మీటర్ ఆ ఎదురుచూపును కొలుస్తుంది. ఎంత ఎదురుచూస్తే గాజుగొట్టంలో పచ్చవెలుగు అంత పైకి లేస్తుంది. గొప్ప నటులు మనసును మభ్యపెట్టగలరు కానీ, ఆ బుల్లి కండరాన్ని మభ్యపెట్టలేరు. అందుకే పొద్దున్నుంచీ వెలుగు గొట్టం అడుగునే మిణుకుమంటోంది.

తేనె గొంతు అమ్మాయి తీగలు విప్పుకుంటుంటే, ఆమెకు తోడుగా వచ్చి బల్ల మీద కూర్చున్న పిన్ని నవ్వింది.

"అలా పిలిత్తే వచ్చేవోడు కూడా ఎనక్కెళ్లిపోతాడే," అంది.

"అయితే మీరోసారి పిలవండి చూద్దాం," అంది మైథిలి, విసుగులో కాస్త వేళాకోళంగా.

ఆవిడ పేరు నూకరత్నం. ముప్పై దాటి ఉండవు. తీగలు పెట్టించుకుని, కిటికీలోంచి కనిపిస్తున్న సముద్రం వైపు తిరిగి, ఏ హంగూ లేకుండా పిలిచింది.

"ఏవయ్యో... ఇటేపు."

పచ్చవెలుగు గొట్టం కొసదాకా లేచి అక్కడే నిలబడిపోయింది. ఆవిడ ఇంకా వింటూనే ఉంది.

అక్కడ తెలిసింది సంగతి. నూకరత్నం మొగుడు లోవరాజు టవర్ల మీద పనిచేసేవాడు. కిందటేడు తుఫానుకి ఓ టవర్ కూలింది. దాని మీద ఉన్న తక్కిన ముగ్గురి శవాలూ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. లోవరాజు మాత్రం దొరకలేదు.

"దొరకనోడు పోయినట్టు కాదు కదండి," అంది నూకరత్నం, చాలా మామూలుగా.

మైథిలి తీగలు విప్పి, ఆవిడ పేరు కాగితం మీద రాసుకుంది.

కుర్రాళ్లకు ఆ పిలుపు మరో విధంగా కూడా నచ్చింది. నూకరత్నం మొగుడి పేరు నోటితో అనదు. వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు అనరు. ఏవయ్యో అంటే ఆయనే, ఇంకెవరూ కాదు. పేరు లేదు కాబట్టి ఆట ఆడే ప్రతివాడూ తననే పిలుస్తున్నారనుకుంటాడు. ఇంతకంటే ఏం కావాలి?

నూకరత్నం రికార్డింగులకు క్రమం తప్పకుండా వచ్చింది. ఎందుకొస్తోందో మైథిలికి త్వరలోనే అర్థమైంది. ఆట మీద ఆవిడకి పిసరంత ఆసక్తి లేదు. పిలిచిన ప్రతిసారీ గొట్టం వైపు చూసుకునేది. వెలుగు కొసకు చేరగానే భుజాలు దించి, హమ్మయ్య అనుకునేది. ఇంట్లో అందరూ ఆశ వదులుకున్నాక, తనకింకా ఉందని చెప్పే సాక్షి లోకంలో ఆ గొట్టం ఒక్కటే.

ఆవిణ్ణి బండి మీద దింపి తీసుకెళ్లేవాడు వీరబాబు. వాళ్ల వీధివాడే, ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రీ. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. రికార్డింగు అయ్యేదాకా బయట వేపచెట్టు కింద కూర్చుని, నీడ ఎటు తిరిగితే అటు బండి జరుపుతూ ఉండేవాడు, ఆవిడ కూర్చునే సీటు కాలకుండా. మొదట్లో నూకరత్నం అతనితో మాట్లాడేదే కాదు. తర్వాత్తర్వాత బయట ఆవిడ నవ్వు వినపడేది.

"మా అత్తే అంటందండి," అని ఓరోజు తీగలు పెట్టించుకుంటూ చెప్పింది. "నా కొడుక్కోసం నేను ఏడుత్తాను, నువ్వు మాత్రం ఎన్నాళ్లని కూచుంటావే, వీరబాబు మంచోడు, ఒప్పుకో అంటంది. కన్నతల్లే అలా అంటే నేనేం చెప్పనండి?"

"మీకేమనిపిస్తోంది?"

నూకరత్నం మెడ దగ్గరి తీగ సర్దుకుంది. "మొన్న వీరబాబుగారు ఏదో అంటే నవ్వొచ్చిందండి. నవ్వేశాక గుర్తొచ్చింది, పొద్దున్నుంచీ ఆయన్ని తలుచుకోలేదని. భయమేసింది," అంది.

ఆ రోజు ఆఖరి రికార్డింగు. ఆటలో ఆఖరి పిలుపు.

"ఏవయ్యో," అని పిలిచింది. వెలుగు సగందాకా లేచి ఆగింది. నూకరత్నం గొట్టం వంక తెల్లబోయి చూసింది. మళ్లీ పిలిచింది. ఇంకా కిందే ఆగింది. మూడోసారి సముద్రం వైపు తిరిగి, ఎన్నడూ అననిది అంది.

"లోవరాజూ."

గట్టిగా కాదు. బండెక్కించి పంపేసిన మనిషికి చెయ్యూపుతూ అనే మాటలా అంది. గొట్టం చీకటైపోయింది.

ఇన్నేళ్ల పరిశోధనలో అంత నిజమైన కొలత మైథిలి చూడలేదు. ఒక మనిషి మరో మనిషిని వదిలిపెట్టిన క్షణం. నొప్పే, కానీ మానుతున్న గాయం పెట్టే నొప్పి. ఆ సంగతే ఆవిడకి చెబితే చాలు. మీ గొంతు ఆయన్ని సాగనంపింది, ఇందులో తప్పేమీ లేదు, ఇంక మీరు బతకండి అంటే చాలు. మాట నాలుక చివర ఉంది.

నూకరత్నం ఇటు తిరిగింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఇంతకాలం నా గొంతులోనే ఉన్నాడండి," అంది. "నేనే చంపేశానాండి ఆయన్ని?"

ఆ ముఖం చూసి సైన్సు చెప్పడం మైథిలి వల్ల కాలేదు. రాతిగుండె ఉన్నవాళ్లు చెప్పగలరేమో. కొలత సరిచూసుకోవడానికి బల్ల కింద ఒక చిన్న డబ్బాకు మీట ఉంటుంది, నొక్కితే ఎవరూ పిలవకపోయినా వెలుగు కొసదాకా లేస్తుంది. ఆమె చెయ్యి దాని మీదికి వెళ్లింది.

"అయ్యో, లేదు లేదు. తీగ వదులైందండి. మళ్లీ పిలవండి."

"ఏవయ్యో," అంది నూకరత్నం, ఏడుస్తూ.

మైథిలి మీట నొక్కింది. పచ్చవెలుగు రివ్వున కొసకు లేచింది. నూకరత్నం ఆ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, దానికి నుదురు ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషం ఉంది. మైథిలికి తను మంచి పనే చేశానని అనిపించింది. పాపం, ఆమెని తప్పుపట్టడానికి నాకూ నోరు రావడం లేదు.

ఆట విడుదలైంది. ఎక్కడెక్కడివాళ్లో ఆడారు. ఒంటరిగా ఉండేవాళ్లు వంట చేసుకుంటూ కూడా దాన్ని అలా నడవనిచ్చేవారట, ఎవరో తమని రమ్మంటున్నట్టు ఉంటుందని. ఆఖరి పిలుపుగా కుర్రాళ్లు పెట్టింది ఏదనుకున్నారు? పేరు పెట్టి పిలిచిందే. పడవ ఒడ్డుకు చేరేసరికి ఆ గొంతు "లోవరాజూ" అంటుంది. ఇంతసేపూ తనని కాదు పిలిచింది, రాని మరెవర్నో అని ఆడేవాడికి అప్పుడు తెలుస్తుంది. అక్కడ ఏడవనివాడు లేడు.

పెళ్లి కబురు వస్తుందని మైథిలి ఎదురుచూసింది. రాలేదు. చివరికి వీరబాబే బజార్లో కనపడ్డాడు. ఊరు విడిచి ఒడిశా వెళ్తున్నానని, పారాదీప్‌లో పని దొరికిందని చెప్పాడు.

"నూకరత్నంగారు?"

"ఒప్పుకున్నట్టే ఒప్పుకుని కాదనేశారండి." చేతిలో సంచీ రెండో చేతికి మార్చుకున్నాడు. "ఆయన వత్తాడని నా గొంతుకి తెలుసు, ఆ మిషనే చెప్పింది అన్నారండి. మనిషైతే నచ్చచెప్తానండి. మిషన్‌తో నేనేం మాట్లాడతాను?"

అతను నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఒక్క నిష్ఠూరం మాట అనలేదు. అన్నా బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం మైథిలి మీటర్ సంచీలో పెట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లింది. నూకరత్నం అక్కడే ఉంది. ఇప్పుడు రోజూ అక్కడే ఉంటోందని ఆవిడ అత్త చెప్పింది. మనిషి చిక్కిపోయింది కానీ, కళ్లల్లో వెలుగు తగ్గలేదు.

మైథిలి దాచుకోలేదు. పక్కన ఇసకలో కూలబడి అంతా చెప్పేసింది. తీగ వదులవలేదని, మీట తనే నొక్కానని, ఆ రోజు గొంతు ఆయన్ని నిజంగానే సాగనంపిందని. చెబుతూ ఏడ్చింది కూడా.

నూకరత్నం ఓపిగ్గా వింది. "నాకోసం చెప్తన్నారండి మీరు. మా అత్త పంపిందా?" అంది.

మైథిలి ఫోన్ తీసి ఆ ఆఖరి పిలుపు వినిపించింది. గాలి హోరులో కూడా స్పష్టంగా వినిపించింది, లోవరాజూ అని.

నూకరత్నం తల అడ్డంగా ఊపింది. "ఇది నేను కాదండి. నేను ఆయన్ని పేరెట్టి ఎప్పుడన్నా పిలిచానా? ఎవరో యాక్టింగ్ చేశారు."

"మీరేనండి. నా ఎదురుగానే పిలిచారు."

"అయితే మిషన్ పెట్టండి. చూద్దాం."

మైథిలి తీగలు అమర్చింది. మీట ఉన్న డబ్బాను విడిగా తీసి, ఆవిడ కళ్లెదుటే దూరంగా ఇసకలో పెట్టింది. ఇప్పుడు వెలుగు లేవదు, ఆవిడ చూస్తుంది, నమ్ముతుంది, ఇంటికి వెళ్తుంది. దేవుడా, లేవకూడదు అనుకుంది, తన మిషన్ గురించి జీవితంలో మొదటిసారి.

నూకరత్నం సముద్రం వైపు తిరిగింది.

"ఏవయ్యో... ఇటేపు."

పచ్చవెలుగు కొసదాకా లేచింది. అక్కడితో ఆగక, కొసను పట్టుకుని, పట్టపగటి ఎండలో కూడా కనపడేంతగా మండింది. మైథిలి చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

నూకరత్నం దాని వంక చూడను కూడా చూడలేదు. ఊపిరి బిగపట్టి నీళ్లవైపు చెవి ఒగ్గి ఉంది. ఏం చెయ్యాలో తోచక మైథిలి కూడా వింది.