మలుపు దగ్గర పలకరింపు

పొద్దున్నే వంటింటి స్టూలు మీద కూర్చుని అమ్మ మోకాలి కట్టు విప్పుకుంటోంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు. ఊళ్లోవాళ్లందరికీ కట్లు కట్టే మనిషికి తన కట్టు మాత్రం కుదరడం లేదు. నిన్న చీకటి విడవకముందే స్కూటర్ మీద ఇంటికొస్తూ రోడ్డు పక్క కాలవలో పడింది. కుక్క అడ్డొచ్చిందని ఒకటే మాట.

నాన్న బ్రెడ్డు వ్యాను తోలతాడు. ఆమె ఇంటికొచ్చే వేళకు ఆయన బయల్దేరతాడు. పెళ్లయిన కొత్తల్లో మొదలైన అలవాటొకటి వాళ్లకుంది. మలుపు దగ్గర ఎదురుపడగానే ఆయన లైట్లు రెండుసార్లు వెలిగించి ఆర్పుతాడు, ఆమె చెయ్యి ఊపుతుంది. ఒకే ఇంట్లో ఉంటూ రోడ్డు మీద పలకరించుకునే మొగుడూ పెళ్లాలు వీళ్లే కాబోలు.

ఈమధ్య వీధి దీపాలు సరిగా వెలగడం లేదని ఆయన ఒకటే సణుగుడు. కూతురు కార్ల మెకానిక్. నాన్న బాధ చూడలేక వ్యానుకు పెద్ద తెల్ల లైట్లు బిగించింది. చీకటిని పగలు చేసిందని ఆయన కనపడినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

"రేపట్నుంచి నేను చుట్టుదారిన వస్తాను" అంది అమ్మ తలెత్తకుండా.

అప్పుడే పని ముగించుకొచ్చిన నాన్న ముఖం చిన్నబోయింది. "కుక్కకి భయపడి దారి మార్చేస్తావా? నేను ఎదురుపడటం కూడా బరువైపోయిందా?"

"కుక్కా లేదు, నక్కా లేదు! మీ లైట్లే. కళ్లు బైర్లు కమ్మి రోడ్డేదో కాలవేదో తెలియలేదు."

గుమ్మంలో కూతురు నిలబడిపోయింది. "ముందే చెప్పొచ్చుగా అమ్మా! ఊడబీకేసేదాన్ని."

"ఊడబీకితే మీ నాన్నకి దారెలా కనపడుతుందే? కళ్లు చూపించుకోమంటే, డాక్టరు బండి తోలొద్దంటాడని వెళ్లరు. నేను పడితే మోకాలు పోతుంది. ఈయన పడితే..."

"అబద్ధం!" అన్నాడు నాన్న. "నిన్న నువ్వు చెయ్యి ఊపావు. నేను చూశాను."

"ఊపలేదండీ. కళ్లకి అడ్డం పెట్టుకున్నాను."

నిన్న ఆ చెయ్యి చూసి ఆయన హుషారుగా ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. వెనక ఆమె కాలవలో పడి ఉంది.

"తప్పు నాది నాన్నా" అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ.

"నీదేముందమ్మా. జబ్బు నాకుంటే వైద్యం వ్యానుకి చేయించాను."

ఆయన నేల మీద కూర్చుని కట్టు అందుకున్నాడు. గుడ్డ ఒక చుట్టు మీద, ఒక చుట్టు కింద పడుతోంది.

"వంకరగా కడుతున్నారు" అంది ఆమె మెల్లగా.

"కనపడట్లేదే" అన్నాడు.

ఆ మాట ఆయన నోట వినడం ఆ ఇంటికి అదే మొదలు. ఆమె ఆయన తల ఒళ్లోకి తీసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన అలాగే ఉండి, జేబులోంచి వ్యాను తాళం తీసి కూతురికి అందించాడు.

"ముందు ఆ లైట్లు పీకెయ్యి. తర్వాత నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు."