అక్కుపల్లిలో ఎర్ర లైటు

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక సందులో తెల్లకారు ఆగి ఉంది. స్తుతి వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. ముందు సీట్లో ఉన్న చీఫ్ కూర్మారావు వెనక్కి తిరగలేదు.

"టైమెంత?"

"పదీ నలభై సార్."

"పన్నెండుకి ఒక ఓడ సంగతి తేలిపోతుంది. విను."

నిరంజన్ నేవీ ఇంజనీరు. తల్లికి కిడ్నీలు పాడైతే అక్కుపల్లిలో సొంతింటికి వచ్చి అక్కణ్ణుంచే పని చేస్తున్నాడు. రహస్య పరీక్షకి బయల్దేరిన ఓడకి పన్నెండింటికి తన ల్యాప్‌టాప్ నుంచి కొత్త రూటు పంపాలి. పాత రూటు ఒక విదేశీ ముఠాకి తెలిసిపోయింది.

"పంపకపోతే ఓడ పాత దారిలోనే పోతుంది. అక్కడ వాళ్లు కాచుకుని ఉన్నారు. పంపితే కొత్త దారీ వాళ్లకే చేరుతుంది. ఆ ఇంటి రౌటర్లో సెట్టింగులు మార్చేశారు. అతను ఆఫీసు పేజీ అనుకుని తెరిచేది వాళ్ల పేజీని."

"ఫోన్ చేసి చెప్పేస్తే?"

"ఆ ఇంట్లో ఫోన్లన్నీ ఆ వైఫై మీదే. వాళ్లు వింటున్నారు. నువ్వు ఇంటర్నెట్ కంపెనీ మెకానిక్‌వి. చూసేవాళ్లకి లైన్ ఫాల్ట్‌లా ఉండాలి." కూర్మారావు గొంతు తగ్గించాడు. "లోపల ఒక నర్సుంది. మాధవీలత. ముఠా పెట్టిన మనిషి. మనకీ కబుర్లు పంపుతోంది. నిజంగా ఎవరి మనిషో నాకూ తెలీదు. మన వైపైతే జీడిపప్పు బేరంలా 'గుండా, బద్దా?' అంటుంది. 'బద్దే చాలు' అను. అడక్కపోతే నీ జాగ్రత్తలో నువ్వుండు."

పదకొండున్నరకి స్తుతి భుజాన కేబుల్ చుట్టతో ఆ ఇంటి మెట్లెక్కింది. కొబ్బరితోట అవతల సముద్రం హోరు వినిపిస్తోంది. నడవలో మంచమ్మీద నిరంజన్ తల్లి మహాలక్ష్మమ్మ తల ఎత్తి చూసింది.

"ఎవులమ్మా? ఏటి సేత్తావు?"

"ఇంటర్నెట్ మనిషినమ్మా. లైను సూసి ఎలిపోతాను."

"సూడు తల్లీ. మావోడు పొద్దున్నుంచి తలుపేసుకుని ఆ మిసను ముందే కూకున్నాడు. టీ ఇచ్చినా తాగట్లేదు."

రౌటర్ పక్కగదిలో గోడకి ఉంది. స్తుతి చేతిలోని మీటరు చూడ్డానికి కరెంటు పరీక్షించేదే, కానీ దొంగ అడ్రసుల్ని పట్టేస్తుంది. దాని తెరమీద ఎర్ర గీత పడింది. సెట్టింగుల పేజీ తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. కంపెనీ పాస్‌వర్డ్ పనిచెయ్యలేదు. వాళ్లు మార్చేశారు. మిగిలింది ఒక్కటే దారి. జడలోని పిన్ను తీసి రీసెట్ కన్నంలో గుచ్చి పట్టుకుంది. రౌటర్ లైట్లన్నీ ఆరిపోయాయి.

వెనక తలుపు గడియ పడిన చప్పుడైంది.

లేతగులాబీ చీరలో, దిద్దిన కనుబొమలతో మాధవీలత నిలబడి ఉంది. చేతిలో మందుల ట్రే. గుడ్డ కింద నుంచి చిన్న పిస్తోలు మూతి కనిపిస్తోంది.

"గుండా, బద్దా?"

స్తుతి ఆమె వైపు తిరిగింది. "బద్దే చాలు."

పిస్తోలు కిందికి దిగలేదు. "కంపెనీ వాళ్లిచ్చిన యూజర్ ఐడీ లేకపోతే నెట్ తిరిగి రాదు. నీ దగ్గరుందా?"

లేదు. రీసెట్‌తో అదీ చెరిగిపోయింది. స్తుతి తన ఫోన్లో కంపెనీ ఆఫీసుకి చేసింది. మోగుతోందే తప్ప ఎవరూ ఎత్తడం లేదు. పదకొండూ యాభై ఆరు.

మాధవీలత ట్రేలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "నెల రోజుల కిందట సెట్టింగులు మార్చింది నేనే. అప్పుడే ఐడీ రాసుకున్నాను. నేనే వెనక్కి మారిస్తే నన్ను బతకనివ్వరు. నీ చేతి మీద జరిగితే లైన్ ఫాల్ట్ అనుకుంటారు."

ఇది వల అయితే? ఆలోచించే వ్యవధి లేదు. స్తుతి ముందుగా బయటివాళ్లు లోపలికొచ్చే దారి మూసి, పాస్‌వర్డ్ మార్చింది. తర్వాత కాగితంలోని అక్షరాలు కొట్టింది. ఎర్ర లైటు.

మళ్లీ కొట్టింది. మళ్లీ ఎర్ర లైటే.

"అమ్మా, నెట్ ఇంకా రాలేదు. ఇంకో నిమిషమే ఉంది." తలుపు అవతల నిరంజన్ కేకేశాడు.

మాధవీలత పిస్తోలు బల్లమీద పెట్టి వంగి చూసింది. "అది సున్నా కాదు. ఓ. నా రాత అలాగే ఉంటుంది."

స్తుతి ఆ ఒక్క అక్షరం దిద్దింది. లైటు మినుకు మినుకుమని ఆకుపచ్చగా నిలిచింది. మీటరు మీద ఎర్ర గీత లేదు. అవతల కీబోర్డు గబగబా చప్పుడు చేసి ఆగిపోయింది.

"వెళ్లిపోయిందమ్మా" అన్నాడు నిరంజన్.

స్తుతి గోడకి చేరగిలబడింది. "కారు రోడ్డు మీదుంది. వాళ్లకి తెలిసేలోగా నువ్వొచ్చెయ్యి."

"పెద్దమ్మగారికి డయాలసిస్ బ్యాగు మార్చే టైమైంది. పది నిమిషాలు ఆగు. రేపటి నర్సుకి ఎలా చెయ్యాలో రాసిపెట్టి వస్తాను." మాధవీలత చేతులు కడుక్కోడానికి వెళ్లింది.

స్తుతి ఆగింది. ఆ పది నిమిషాలూ వీధి గుమ్మం దగ్గర నిలబడి, వచ్చే ప్రతి బండినీ చూస్తూనే ఉంది.

నిరంజన్ తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

"సరిగ్గా పన్నెండుకి ముందు నెట్ తీసేస్తే ఎలాగండీ? నా పని ఎంత ముఖ్యమో మీకేం తెలుసు?"

"నిజమే సార్, మాకేం తెలుస్తుంది."

అతను ఆమె చాచిన ఫారమ్ అందుకుని, సర్వీసు ఎలా ఉందన్నచోట అయిదింట్లో రెండు మార్కులు వేసి, సంతకం పెట్టి ఇచ్చాడు.