వెనక్కి వేయని అడుగు

“కళ్లు ఎక్కడ పెట్టుకున్నావ్?” ఓపల్ గయ్యిమంది.

వెర్లిన్ మాండలిన్‌ మెడకు ఆమె ఫిడేలు కమాను మళ్లీ తగులుకుంది. ఉదయం నుంచి ఇది మూడోసారి. ఆల్బమ్ రికార్డింగుకి ఐదుగురికీ కలిపి ఒకటే మైకు. ఎవరి వంతు వస్తే వాళ్లు ముందుకు రావాలి, అయిపోగానే కుడివైపు నుంచి వెనక్కి తప్పుకోవాలి. ఆ పద్ధతి బ్యాండుకు నేర్పింది వెర్లినే. తప్పుతున్నదీ ఆయనగారే.

“నేను తప్పుకునేలోపే దూసుకొచ్చావ్!”

“తప్పుకుంటే కదా! రేపట్నుంచి నీకీ బాధ లేదులే. నాక్స్‌విల్ బ్యాండులో చేరుతున్నా.”

వెర్లిన్ మాండలిన్ కిందికి దించాడు. “ఎందుకు?”

“రెండేళ్లు నీ కారులో కెంటకీ అంతా తిరిగాను. ‘బాగా వాయించావ్’ తప్ప నీ నోట ఇంకో మాట వినలేదు.”

“మీ గొడవ తర్వాత చూసుకోండి, నాకు ఆకలేస్తోంది,” అన్నాడు నిలువెత్తు బాస్ వాద్యం వెనక నుంచి ఓపల్ తండ్రి క్లెటస్.

అద్దం అవతల ఇంజనీరు ఒక్క వేలు చూపించాడు. టేపు ఒక్క పాటకే మిగిలింది. ఎర్రదీపం వెలిగింది. అది ఆరేదాకా ఎవరూ నోరు మెదపకూడదు.

పాట సగానికొచ్చేసరికి వెర్లిన్ వంతు అయిపోయింది. ఇక తప్పుకోవాలి. తప్పుకుంటే ఆమె వంతు, ఆ తర్వాత ఆఖరి చరణం, ఆపైన నాక్స్‌విల్. అతని కాలు కదలలేదు.

ఓపల్ గుర్రుగా చూస్తూ వచ్చి, చోటు లేక అతని భుజానికి భుజం ఆనించి వాయించింది. ఒక్క స్వరం తప్పలేదు. అతను ఆమె ఫిడేలుకు తోడుగా మెల్లగా మాండలిన్ మీటుతూ ఉండిపోయాడు. ఆ రోజంతటిలోకీ అంత బాగా వచ్చిన పాట ఇంకొకటి లేదు.

చివరి స్వరం ఇంకా మోగుతూనే ఉంది.

“వెళ్లకు ఓపల్. నన్ను పెళ్లి చేసుకో.”

ఎర్రదీపం ఇంకా ఆరలేదు! వెర్లిన్ నాలుక కరుచుకున్నాడు.

“హమ్మయ్య, మొద్దబ్బాయికి నోరొచ్చింది,” అన్నాడు క్లెటస్. “అల్లుడివైతే నా పక్కన కూర్చుని తిందువుగాని.”

ఇంజనీరు తలుపు తీసి తల బయటపెట్టాడు. “చివర కత్తిరించేస్తాలే.”

“ఆగండి. నా జవాబు కూడా ఎక్కనివ్వండి,” అంది ఓపల్.

వెర్లిన్ ఈసారి బుద్ధిగా కుడివైపుకు తప్పుకోబోయాడు. ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది. మైకు మీదికి వంగింది.

“సరే,” అంది.