పసుపు పూసిన పేటిక

ఆయుధపూజ మర్నాడు మరమ్మతుల నూకరత్నానికి పని రెట్టింపు. ఆగిన గుండెను కరెంటుతో కదిలించే ప్రాణపేటికలు వీధి స్తంభాలకుంటాయి; వాటన్నిటికీ జనం పసుపు పూసి, బంతిదండలు వేసేశారు. భక్తి మంచిదే. తాళం తీయడానికి అరచేతిని గుర్తుపట్టే కంటికి కూడా పూస్తేనే వస్తుంది చిక్కు.

విశాఖ పూలబజారులో ఆమె ఒక పేటిక తుడుస్తుంటే, పక్క కొట్టు సింహాద్రి నవ్వాడు.

"బొట్టు తుడిసీకే. అమ్మోరు అలుగుతాది."

"కన్ను మూసుకుపోతే అమ్మోరికి మనిషి కనబడడు మావా."

"నా కొట్టు కాడిది సూడు, నూనిలో కలిపి రాసేను. ఏడాదైనా పోదు!"

గొప్పగా చెప్పి మల్లెల బుట్ట ఎత్తబోయిన మనిషి, బుట్టతో సహా కూలిపోయాడు.

నూకరత్నం భుజాలు తట్టి పిలిచింది. పలుకు లేదు, ఊపిరి లేదు. వెంటనే రొమ్ము నడుమ నొక్కడం మొదలుపెట్టింది. అప్పటికే సింహాద్రి మణికట్టు పట్టీ నుంచి, పేటికలన్నిటినీ నడిపే ప్రాణజాలానికి కబురందింది.

"నియుక్త హస్తం బయలుదేరింది. తక్కినవారు తాకవద్దు," అంది స్తంభం.

బజారు బజారంతా బుద్ధిగా వెనక్కి జరిగింది. పేటికలు దొంగల పాలవుతున్నాయని జాలం పెట్టిన కట్టడి అది. పేటిక తాళం జాలం ఎంపిక చేసిన చేతికే తెరుచుకుంటుంది, ప్రాణం పోసే పనీ ఆ చేతిదే. మిగతా చేతులు ఆ విద్యే మరిచిపోయాయి.

నియుక్తుడు జోగారావు మాస్టారు పరుగున వచ్చి, జాలం చూపిన సింహాద్రి కొట్టు పేటిక కంటికి అరచెయ్యి ఆనించాడు.

"హస్తం గుర్తింపు కాలేదు."

ఆయన పంచె చెంగుతో రుద్దాడు. నూనె పసుపు కదిలితేనా!

తాళంచెవి నూకరత్నం నడుముకే ఉంది. కానీ అది మరమ్మతుకి మాత్రమే. దానితో తెరిస్తే జాలం లెక్కలో ఆ పేటిక చచ్చినట్టే, ఆమె ఉద్యోగానికీ ముప్పే. పైగా చేతులు రొమ్ము మీద నుంచి తీస్తే నొక్కేదెవరు?

"గౌరత్తా, రా! నాలాగే నొక్కు. బలంగా, గబగబా."

సింహాద్రి భార్య గౌరమ్మ అడుగు ముందుకెయ్యలేదు. "ముట్టుకోకూడదంటంది కదే!"

"అది అంటాది. నేను నొక్కమంటన్నాను!"

గౌరమ్మ మోకాళ్ల మీద కూలబడి, కారం దంచే చేతులతో నొక్కింది. నూకరత్నం తాళం తిప్పింది. మాస్టారు సింహాద్రి చొక్కా చించి, పేటికలోని కరెంటు అట్టల్లో ఒకటి కుడి మెడ ఎముక కింద, ఇంకోటి ఎడమ చంక కింద అతికించాడు.

"అందరూ తప్పుకోండి!" అంటూ మీట నొక్కాడు.

సింహాద్రి ఒళ్లు ఒక్కసారి అదిరింది. గౌరమ్మ మళ్లీ నొక్కింది. ఆమె అలిసిపోతే టీకొట్టాయన అందుకున్నాడు, ఆయన తర్వాత మరొకామె. చివరికి సింహాద్రి మూలిగి, చేత్తో వాళ్లను తోసెయ్యబోయాడు.

ఆసుపత్రి ఎగురుబండి అతన్ని తీసుకుపోతుంటే గౌరమ్మ ఏడుస్తూనే నవ్వింది. "నా సేతుల్తోనే నొక్కేనే!"

నూకరత్నానికి పట్టరానంత సంతోషం కలిగింది. పేటికకు మళ్లీ తాళం వెయ్యాలి. వెయ్యలేదు. పక్క స్తంభం దగ్గరికి వెళ్లి, కన్ను తుడిచి, దాని తాళం కూడా తీసేసింది. తర్వాత దాని అవతలిది.

మధ్యాహ్నానికి నియంత్రణ గది నుంచి పిలుపు వచ్చింది.

"నూకరత్నం గారూ, పూలబజారంతా ఎర్రగా చూపిస్తోంది. ఒక్క పేటికా పనిచెయ్యడం లేదా?"

"అన్నీ పన్జేస్తన్నాయండి," అంది, ఇంకో తాళం తిప్పుతూ. "ఎవులు తీసినా."