గోడ అవతలి జవాబు

ఆదివారం సాయంత్రం ఏడు లోపల చేయవలసిన పనులు ఇవి. బాపు చెప్తుంటే నేనే రాశాను.

డిష్ రీచార్జ్ చేయించాలి.
చిన్నాయిన ఇంటి నుంచి ఆరు కుర్చీలు తేవాలి.
బజ్జీలకు శెనగపిండి, మిరపకాయలు. పాలు రెండు లీటర్లు.
కమలాకర్ బయోడేటా ఐదు కాపీలు.
అవ్వను మాట్లాడనీయొద్దు.

ఇంకో పని కూడా ఉంది. బాపుకు తెలియదు కాబట్టి చీటీలో లేదు. ఆ సాయంత్రం పక్కింటి టీవీ నడుస్తుందో లేదో కనుక్కోవాలి.

కమలాకర్ అంటే నేనే. రామన్నపేటలో మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. పట్టాకు బాపు ఫ్రేము కట్టించి టీవీ పైన వేలాడదీశాడు. వచ్చినవాళ్ళు టీవీ చూడాలంటే ముందు నా పట్టా చూడాలి. తెలంగాణ వచ్చిన మూడో ఏడు అది. నేను గ్రూప్-2కు చదువుతున్నానని అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

శని, ఆదివారాలు ఏడింటికి 'పదిహేను మెట్లు' అనే క్విజ్ వచ్చేది. హైదరాబాద్ లెక్చరర్లే నాలుగో మెట్టు మీద చతికిలబడేవారు. మా ఇంట్లో నేను పన్నెండో మెట్టు దాకా ఆగకుండా ఎక్కేవాణ్ణి. ఆప్షన్లు రాకముందే జవాబు చెప్పేవాణ్ణి. బాపు తొడ చరుచుకునేవాడు. అమ్మ నిర్మలమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నన్ను చూసి పోయేది.

అసలు సంగతి ఇది. పక్కింటి వాళ్ళది కేబుల్, మాది డిష్. కేబుల్లో ఏదైనా ఐదారు సెకన్లు ముందు వస్తుంది. నా మంచం ఆ ఇంటి వైపు కిటికీ కింద ఉంటుంది. పక్కింటి సుచరిత తన టీవీ ముందు కూర్చుని గట్టిగా జవాబు చెప్తుంది. మా టీవీలో యాంకర్ ఇంకా గొంతు సవరించుకుంటుండగానే ఆమె జవాబు నా చెవిలో పడుతుంది. నేను దాన్ని కొంచెం గంభీరంగా మళ్ళీ చెప్తాను. అంతే నా మేధస్సు.

సుచరిత బస్టాండు ఎదురుగా జిరాక్స్ సెంటర్ నడిపేది. డిగ్రీ దూరవిద్యలో చదివింది. రామన్నపేటలో పోటీ పరీక్షలకు చదివే వాళ్ళందరి నోట్సూ ఆమె మిషన్ మీదుగానే పోవాలి. కాపీలు బయటికొచ్చేలోపు ఆమె ఒరిజినల్ చదివేసేది. మేము కాపీలు తీసుకుపోయి బీరువా మీద పెట్టేవాళ్ళం.

"జిరాక్స్ తీయంగనే నెత్తిలకు ఎక్కుతదా సారూ?" అని ఒకసారి నన్ను అడిగింది. నన్ను సారూ అని పిలిచేది ఆమె ఒక్కతే. అందులో గౌరవం ఎంత ఉందో నాకు తెలుసు. అయినా ఆ పిలుపు కోసం ఒక్కో పేజీ రెండేసి సార్లు జిరాక్స్ తీయించేవాణ్ణి.

నా ప్రతిభ గురించి బాపు టీ కొట్టు దగ్గర చెప్పాడు. అక్కడే టీ తాగుతూ విన్న బీరప్ప కొత్తకోటలో చెప్పాడు. అక్కడ కృష్ణయ్య అనే రైతుకు పెళ్ళీడు కూతురు ఉంది. "పిలగాడు గంత తెలివిగలోడైతే నా కండ్లతోని చూస్త," అన్నాడట ఆయన. అందుకే ఆదివారం ఏడింటికి, క్విజ్ టైముకే, పెద్దమనుషులతో వస్తున్నాడు. వాళ్ళ ఎదుట నేను మెట్లు ఎక్కాలి. ఎక్కితే కొత్తకోట అల్లుణ్ణవుతాను. జారితే బాపు టీ కొట్టుకు పోలేడు. రెండూ వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు.

బయోడేటా వేరే సెంటర్లో తీయిద్దామని శనివారం ఊరంతా తిరిగాను. ఒకచోట మిషన్ ఖరాబు, ఇంకోచోట తాళం. చివరికి సుచరిత దగ్గరికే పోయాను. ఆమె కాగితాన్ని అద్దం మీద పెట్టకుండా చదవడం మొదలుపెట్టింది. గుణగణాల దగ్గర ఆగింది. అక్కడ 'జనరల్ నాలెడ్జ్‌లో అపార ప్రావీణ్యం' అని బాపు రాయించాడు.

"మీ అవ్వ మొన్న మా గడపల కూసోని చెప్పింది," అన్నది. "మా మనుమడు టీవీ కంటె ముందే చెప్తడు బిడ్డా, అచ్చం నీ లెక్కనే అని."

నేను మిషన్ వైపు చూశాను.

"ఎన్ని కాపీలు?"

"ఐదు."

"ఒక్క సంబంధానికి ఐదెందుకు సారూ? మిగిలినయి గోడల మీద అతికిస్తవా?"

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు రాత్రి నిద్ర పట్టేది.

ఆదివారం ఆరు కుర్చీలూ నిండాయి. కృష్ణయ్య తెల్ల ధోవతిలో ముందు కుర్చీలో కూర్చున్నాడు. అవ్వ సైదమ్మను అమ్మ నా మంచం మూలన కూర్చోబెట్టి నోట్లో తమలపాకు పెట్టింది. అవ్వకు చూపు సరిగా ఆనదు. చెవులు మాత్రం మా అందరి కంటే చురుకు. పక్కింట్లో టీవీ మోగింది. నా గుండె కుదుటపడింది.

మొదటి ప్రశ్న: పాదరసం కాకుండా మామూలు వేడిమిలో ద్రవంగా ఉండే ఇంకో మూలకం. గోడ అవతల నుంచి, "బ్రోమిన్." నేను, "బ్రోమిన్." కృష్ణయ్య మీసం సవరించుకున్నాడు.

రెండోది: ఏ గ్రహం మీద ఒక రోజు దాని ఏడాది కంటే పొడవు? "శుక్రుడు." "శుక్రుడు." బాపు నా పట్టా వైపు ఒకసారి, వచ్చినవాళ్ళ వైపు ఒకసారి చూశాడు.

మూడోది: రోహిణి తర్వాత వచ్చే కార్తె ఏది?

కుర్చీల్లో చిన్న నవ్వు లేచింది. ఆరుగురూ వ్యవసాయం చేసినవాళ్ళే. ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసుకున్నారు. మా టీవీలో ఆప్షన్లు రాకముందే గోడ అవతల నుంచి స్పష్టంగా, ఎప్పటి కంటే కొంచెం గట్టిగా, "ఆరుద్ర," అని వినిపించింది.

నాకు తెలుసు. అది ఆరుద్ర కాదు. ప్రతి ఏడూ రోహిణి ముగిసిన మర్నాడే అవ్వ నా నోట్లో ఇంగువ బెల్లం ఉండ పెట్టేది. ఆ ఘాటు నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ సుచరిత ఏనాడూ తప్పు చెప్పలేదు. నేను ఆలోచించడం మానేసి చాలా రోజులైంది.

"ఆరుద్ర," అన్నాను, గంభీరంగా.

కృష్ణయ్య ముందుకు వంగి మెల్లగా అడిగాడు. "బాబూ, మీది ఎవుసమేనా?"

అవ్వ తమలపాకు బయటికి ఉమ్మింది. "మిరుగం రా. ఏటేట ఇంగువ బెల్లం ఎందుకు మింగినవ్ మరి?"

టీవీలో అప్పుడే మృగశిర మీద పచ్చ లైటు వెలిగింది. బాపు ముఖం వైపు చూడలేకపోయాను. పట్టా వైపు చూశాను, అదీ చూడలేకపోయాను.

"మిరుగమని నాకు తెల్సు బాపూ," అన్నాను. "గోడ అవుతల సుచరిత ఆరుద్ర అన్నది. అందుకే అన్న. ఇన్నొద్దులు చెప్పినయన్ని ఆమెయే. నావి ఒక్కటి గూడ లేవు."

కృష్ణయ్య బజ్జీ సగంలో వదలకుండా పూర్తిగా తిని, టీ తాగి లేచాడు. గడప దగ్గర బాపు భుజం మీద చెయ్యి వేశాడు. "పిలగాడు మంచోడే. అబద్ధం ఎక్కువసేపు మొయ్యలేడు. కానీ మా పిల్లకు గోడ అవుతలి జవాబు చెప్పే మొగుడు వద్దు."

బాపు డిష్ తీగ పీకేసి లోపలికి పోయాడు.

మరునాడు జిరాక్స్ సెంటర్‌కు పోయాను. ఇలాంటి కథల్లో ఈ చోట వాన పడాలి. పడలేదు. నలభై నాలుగు డిగ్రీల ఎండ, పైగా కరెంటు లేదు.

"ఎందుకట్ల చెప్పినవ్?" అని అడిగాను.

"నీకు తెల్వనిది తప్పు చెప్తే నువ్వేం చేస్తవ్? అందుకే తెల్సిందే తప్పు చెప్పిన. నీ తలకాయ వాడుతవా, నన్ను నమ్ముతవా అని చూసిన."

"నమ్మిన."

"అదే నా కోపం." కాగితాల కట్టను బల్ల మీద తట్టి అంచులు సరిచేసింది. సరిగా ఉన్న అంచులనే మళ్ళీ సరిచేసింది. "తలకాయ వాడితే కొత్తకోట పోతుంటివి. అది గూడ నాకు కష్టమే ఉండె."

ఆ మాట అర్థం కావడానికి నాకు ఐదారు సెకన్లు పట్టింది. నాది డిష్ కదా.

"సుచరితా, ఇగ నీ జవాబులు నేను చెప్ప. నువ్వే నా ముంగట కూసోని చెప్పు. నేను వింట."

"ఒక్కటన్న నువ్వు చెప్పాలె," అన్నది. తల ఎత్తలేదు. సారూ అనడం మాత్రం మర్చిపోయింది.

బాపు వారం రోజులు టీ కొట్టుకు పోలేదు. ఎనిమిదో రోజు అవ్వే అన్నం ముందు బాపుతో మాట తీసింది. ఆ గొంతు గోడ అవతలిదని తనకు మొదటి వారమే తెలుసన్నది. పిలగాడు ఎంతసేపు వింటడో చూద్దామని ఊకున్నదట. "పక్కింటి కోమల నీకు చెల్లె వరుస, దశరథం. ఆమె బిడ్డ నీకు మేనకోడలు. ఇంట్ల తెలివి గావాలంటివి గద, గోడకు ఆనుకోనే ఉన్నది. పోయి అడుగు."

బాపు చేయి కడుక్కుని, చొక్కా వేసుకుని, సుచరిత తల్లి కోమలను అడగడానికి పోయాడు. పోయేముందు డిష్ తీగ మళ్ళీ పెట్టాడు.

సుచరిత ఇప్పుడు నా భార్య, పంచాయతీ సెక్రటరీ. జిరాక్స్ సెంటర్ నేను నడుపుతున్నాను. కాపీలు వచ్చేలోపు ఒరిజినల్ చదువుతున్నాను. మొన్న ఎనిమిదో మెట్టు దాకా నా సొంతంగా ఎక్కాను. బాపు తొడ చరచలేదు. కిటికీ మూసి ఉందో లేదో లేచి చూసి వచ్చాడు.

అవ్వ పోయి రెండేళ్ళయింది. ఆమెకు అక్షరం రాదు. మా ఇంట్లో ఆ క్విజ్‌కు మొదటిసారి సొంతంగా జవాబు చెప్పింది ఆమే. మీరు రేపు మిరుగం నాడు ఇంగువ బెల్లం నోట్లో వేసుకునేటప్పుడు, రామన్నపేట సైదమ్మను ఒక్కసారి యాది చేసుకోండి.